ఇతరాలు

“మీవాళ్ళ దగ్గరికే కదమ్మా పోతున్నది. నువ్వు ముందు నడువు” అన్నారు సారు.

1995 ఫిబ్రవరి. యూనివర్సిటీ బస్సు నయాపూల్ దాటి, మదీనా, చార్మినార్, షాలిబండ మీదుగా పోయి చాంద్రాయణగుట్ట వైపు రోడ్డులో ఆగింది. బస్సులో నలభై మందిమి. అందులో ముస్లింని నేనొక్కదాన్నే. హాస్టల్ దగ్గర బస్సెక్కినప్పుడు నేను కూడా అందరిలాంటి విద్యార్థినినే. నయాపూల్ దాటాక ఒక్కొక్కరే నా వైపు తిరగడం మొదలుపెట్టారు. “ఇక్కడ ఫొటోలు తీస్తే ఏమన్నా అంటారా?” “మేం బొట్టు పెట్టుకుని ఇళ్ళలోకి పోవచ్చా?” “వీళ్ళకసలు తెలుగు రాదా?”

నాకేం తెలుసు? నేను నల్లగొండ జిల్లాలో ఒక పల్లెటూరి పిల్లని. ఆ బస్తీని వాళ్ళతో పాటే నేనూ మొదటిసారి చూస్తున్నాను. కానీ సారు లెక్కలో ముసల్మానులు ఎక్కడున్నా అది నా ఊరే. అందరికంటే ముందు నడిచాను. తెలియని గల్లీలోకి తెలిసినట్టు నడిచాను.

మా అందరి గుండెల మీదా బ్యాడ్జీలున్నాయి. నేషనల్ సర్వీస్ స్కీం బ్యాడ్జీ. మధ్యలో కోణార్క రథచక్రం. గాంధీ శతజయంతి సంవత్సరం 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో ఈ పథకం మొదలైంది. విద్యార్థి రెండేళ్ళలో 240 గంటలు సమాజసేవ చెయ్యాలి, ఒక బస్తీనో పల్లెనో దత్తత తీసుకుని అక్కడ క్యాంపు పెట్టాలి. దాని నినాదం ‘నాట్ మీ, బట్ యు’. నేను కాదు, నువ్వు. నీ గురించి కాదు, ఎదుటివాడి గురించి ఆలోచించమని. మంచి మాటే. కానీ ఆ రోజు ఆ గల్లీలో నిలబడితే నాకు ఒక తిక్క సందేహం వచ్చింది. ఈ నలభై మందిలో నేను ‘నేను’నా, ‘నువ్వు’నా? సేవ చేసేదాన్నా, చేయించుకునేదాన్నా?

బ్యాడ్జీ ఒకటి చెబుతోంది. నా పేరు ఇంకొకటి చెబుతోంది.

*

మాకు జాగా ఇచ్చింది బస్తీలోని ఒక సిలాయీ సెంటర్. రెండు గదులు, ఒక వరండా, ఆరు కుట్టు మిషన్లు. దాన్ని నడిపేది ఒక పెద్దామె. బస్తీ అంతా ఆమెను బడీ ఆపా అనేవాళ్ళు. 1990 డిసెంబరు మతకలహాల్లో కర్ఫ్యూ పెట్టినప్పుడు, ఇళ్ళల్లో పిండి అయిపోయిన రోజుల్లో, నలుగురు ఆడవాళ్ళు కలిసి ఉన్నవాళ్ళ ఇళ్ళనుంచి బియ్యం, పప్పు జమచేసి లేనివాళ్ళ ఇళ్ళకు చేర్చారట. కర్ఫ్యూ ఎత్తేశాక ఆ నలుగురే ఈ సెంటర్ పెట్టారు. మా కాగితాల్లో దాని పేరు ‘స్థానిక స్వచ్ఛంద సంస్థ’. మాకు ‘భాగస్వామి’. ఆ భాగస్వామిని మేం అడిగింది రెండే: గదికి తాళం చెవి, కుర్చీలు.

తేదీలు అడగలేదు. అది రంజాన్ నెల.

ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. పరీక్షల క్యాలెండర్ చూసి తేదీలు పెట్టారు. గోడ మీద ఇంకో క్యాలెండర్ కూడా ఉంటుందని ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది. కానీ నేనొక్కదాన్ని లేచి ‘సార్, అది రోజాల నెల’ అంటే ‘చూశావా, అప్పుడే తన మతం తెచ్చింది’ అంటారని భయపడ్డాను. నోరు మూసుకున్నాను. తప్పులో నా వాటా అక్కడే మొదలు.

మొదటిరోజు మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం పొట్లాలు వచ్చాయి. అందరూ వరండాలో కూచుని విప్పారు. నేను ఉపవాసమున్నాను. చాటుగా ఉన్నాను. హాస్టల్‌లో తెల్లవారకముందే లేచి రెండు బిస్కెట్లు తిని నీళ్ళు తాగి నీయత్ చేసుకున్నాను. నా చేతిలో పొట్లం విప్పకుండా ఉండటం చూసి ఒక మేడం అంది, “నువ్వు తినకపోతే మిగతా పిల్లలకు ఎట్లానో ఉంటుందమ్మా. మనమంతా ఒక టీమ్ కదా.”

తిన్నాను. గేటు బయట నిలబడి చూస్తున్న బస్తీ పిల్లల ముందు, టీమ్ కోసం, రోజా విడిచి తిన్నాను. ముద్ద గొంతులో దిగలేదు. తల ఎత్తితే గుమ్మంలో బడీ ఆపా. చూసేసింది. నా పేరు ఆమెకు పొద్దున్నే తెలుసు.

ఆమె ఏమీ అనలేదు. వరండాకు పరదా లాగింది. లోపలికి పోయి గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా పక్కన పెట్టింది. ఆమె కూడా రోజాలో ఉంది. “ముసాఫిర్లకు మాఫీ ఉంది బేటీ. ప్రయాణంలో ఉన్నవాళ్ళు తర్వాత తీర్చుకోవచ్చు” అంది.

ముసాఫిర్. బాటసారి. పొద్దున సారు ‘మీవాళ్ళు’ అని ముందుకు నెట్టిన చోట, మధ్యాహ్నం నేను బాటసారినయ్యాను. ఆమె నా మీద దయతో అంది. అయినా ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

*

పది రోజుల క్యాంపులో చాలా చేశాం. మోరీ తీశాం. మొక్కలు నాటాం. నల్లా రోజు మార్చి రోజు వచ్చే బస్తీలో ఆ మొక్కలకు ఎవరు నీళ్ళు పోస్తారని ఒక తాత అడిగాడు. దాన్ని నేను తెలుగు చేసి మావాళ్ళకు చెప్పలేదు.

అసలు పని సర్వే. సైక్లోస్టైల్ చేసిన ఫారాలు, ఇంగ్లీషులో. వాటిని తెలుగులో అనుకుని, ఉర్దూలో అడగాలి. ఆ చివరి పని నాది. నలభై మందికి నేనొక్కదాన్నే నోరు. నా ఉర్దూ మా ఊరి ఉర్దూ. సగం తెలుగు. ‘బండి’, ‘పొయ్యి’, ‘ఎండ’ అన్నీ మా ఇంట్లో ఉర్దూ మాటలే. నేను నోరు తెరవగానే బస్తీ ఆడపిల్లలు దుపట్టాలు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. “దేహాత్ సే ఆయీ” అంది ఒకామె. పల్లెటూరినుంచి వచ్చింది అని. క్లాసులో నా తెలుగు విని ‘తెలుగు ఎంత బాగా మాట్లాడుతున్నావే!’ అని ఆశ్చర్యపోయేవాళ్ళు ఒకవైపు. నా ఉర్దూ విని నవ్వేవాళ్ళు ఒకవైపు. రెండు భాషలున్నా నాకు సొంత ఇల్లు లేనట్టే ఉండేది.

మూడోరోజు నా జట్టులో ఒక అబ్బాయి ఫారం అడుగున తన ‘పరిశీలన’ రాశాడు: ‘పగలు పదకొండు గంటలకు కూడా స్త్రీలు నిద్రపోతున్నారు. శ్రమ పట్ల ఆసక్తి తక్కువ.’

ఆ ఇంట్లో నేనూ ఉన్నాను. ఒకే గది. గోడ పొడుగునా కార్‌చోబ్ మగ్గం. దాని మీద బిగించిన ఎర్ర బట్ట, సగం కుట్టిన జరీ పూలు. పండక్కి ముందు ఆర్డర్లు. తల్లీ, ఇద్దరు కూతుళ్ళూ ఇఫ్తార్ అయిన తర్వాత కూచుంటే సహర్ దాకా సూది ఆపరు. తెల్లవారుజామున ఇంత తిని, నమాజు చేసుకుని, అప్పుడు నడుం వాలుస్తారు. మేం తలుపు కొట్టింది వాళ్ళ అర్ధరాత్రి. ఆ తల్లి లేచి, కళ్ళు నులుముకుంటూ, మాకు కూచోడానికి చాప వేసింది.

ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు. నాకు నోట్సు ఇచ్చేవాడు. అతను చూసింది రాశాడు. కానీ చూడటం వేరు, అడగటం వేరు అని మా ఫారం మాకు నేర్పలేదు.

ఇంకొక ప్రశ్న ఉంది. ‘ఆడపిల్ల బడి మానడానికి కారణం.’ కింద నాలుగు గళ్ళు. ఒకటి పేదరికం. రెండు అజ్ఞానం. మూడు మతాచారం. నాలుగు ఇతరాలు.

ఇంటింటికీ అడిగాను. వాళ్ళు చెప్పినవి ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. ఇక్కడి ఉర్దూ బడి ఐదో తరగతితోనే ఆగిపోయింది అన్నారు. ఆరో తరగతి ఉన్న ఆడపిల్లల బడి పెద్దరోడ్డు అవతల అన్నారు. 1990 తర్వాత ఆ రోడ్డు దాటించి పంపాలంటే గుండె ఆగుతుంది అన్నారు. అంతకుముందు పంపేవాళ్ళం అన్నారు. బడిలో లెక్కల టీచరు లేడు అన్నారు. మరుగుదొడ్డి లేదు అన్నారు. ఒకామె మాత్రం “పెళ్ళీడొచ్చింది, చదువెందుకు?” అంది. ఆ మాట మా ఊళ్ళో రెడ్ల ఇళ్ళల్లోనూ విన్నాను, గౌండ్లోళ్ళ ఇళ్ళల్లోనూ విన్నాను. అక్కడ దాన్ని ఎవరూ మతాచారం అనలేదు.

బడి లేకపోవడం ఏ గడిలో రాయాలి? భయం ఏ గడిలో రాయాలి? రెండూ ‘ఇతరాలు’లో రాశాను. క్యాంపు ముగిసేసరికి నా ఫారాలన్నిట్లో మొదటి మూడు గళ్ళూ దాదాపు ఖాళీ. నాలుగోది నిండిపోయింది.

*

ఫలితాలు లెక్కకట్టే పని కూడా నాకే ఇచ్చారు. చేతిరాత బాగుంటుందని.

హాస్టల్ గదిలో పట్టిక గీసి సారుకు చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశారు. “ఇతరాలు ఇంత ఉంటే రిపోర్టుకు విలువ ఉండదమ్మా. ఫారం సరిగ్గా నింపలేదనుకుంటారు. వీటిని దగ్గరగా ఉన్న గళ్ళలో సర్దెయ్యి” అన్నారు.

“దగ్గరగా ఉన్నది ఏది సార్?”

“రోడ్డు దాటి పంపరంటే ఏమిటి? బయటికి పంపరు. అంటే పరదా. మతాచారమే కదా.”

ఆయన దగ్గర కోపం లేదు. ద్వేషం లేదు. మామూలుగా, లెక్క సరిచేసినట్టు చెప్పారు. అందుకే నేను ఎదురు చెప్పలేకపోయాను. ఎవరైనా తిడితే తిరగబడొచ్చు. సర్దుబాటు చేస్తే ఏం చేస్తాం?

ఆ రాత్రి నా చేత్తో సర్దాను. ‘ఇతరాలు’ గడిలోంచి ఒక్కొక్క గీతనూ తీసి ‘మతాచారం’లో పెట్టాను. గీతకొక పిల్ల. లేచి చాప వేసిన ఆ తల్లి ఇద్దరు కూతుళ్ళూ అందులో ఉన్నారు. తెల్లారేసరికి పట్టిక అందంగా వచ్చింది. దాని కింద ఒక వాక్యం రాయమన్నారు. రాశాను: ‘మతపరమైన కట్టుబాట్లే బాలికల విద్యకు ప్రధాన ఆటంకమని ఈ సర్వేలో తేలింది.’

ఆ వాక్యం ఏ మతోన్మాదీ రాయలేదు. ముసల్మాను పిల్ల రాసింది. ఆ మార్చిలో ముగింపు సభ జరిగింది. మా యూనిట్‌కు మెచ్చుకోళ్ళు, మాకు సర్టిఫికెట్లు. వేదిక మీద ఒక పెద్దాయన నన్ను చూపించి, “ఈ అమ్మాయిలాంటివాళ్ళు ముందుకొస్తే వాళ్ళ సమాజం బాగుపడుతుంది” అన్నారు. చప్పట్లు కొట్టారు. నేను దండం పెట్టాను.

సభకు బడీ ఆపాను కూడా పిలిచారు. వెనక వరసలో కూచుంది. ఆమెకు శాలువా కప్పారు. పోయేముందు నా దగ్గరికొచ్చి ఒకటే అడిగింది. “బేటీ, మా గురించి రాసిన కాగితం మాకూ ఒకటి ఇప్పిస్తావా? ఆరూ ఏడూ తరగతులు కావాలని దరఖాస్తు పెడుతున్నాం. దానికి జత చేస్తాం.”

తెస్తానన్నాను. తేలేదు. ఆ కాగితం దరఖాస్తుకు జత చేస్తే ఏమవుతుంది? ఆఫీసరు ఆ వాక్యం చదివి, ‘మీ కట్టుబాట్లే మీకు ఆటంకమని మీ పిల్లే రాసింది, బడి ఎందుకు?’ అంటాడు. నెలలు గడిచాయి. నయాపూల్ అవతలికి పోయే బస్సు చూస్తే మొహం తిప్పుకునేదాన్ని.

*

ఈ సంగతి నేను చెప్పుకున్నది ఒక్కరితోనే. నా క్లాసులో ఒక దళిత విద్యార్థి ఉండేవాడు. లైబ్రరీ మెట్ల మీద కూచుని అంతా విన్నాడు. నన్ను ఓదార్చలేదు. తిట్టలేదు.

“మా వాడల గూడ గిట్లనే రాసుకపోయిండ్రు” అన్నాడు. “పిల్లలు బడికెందుకు రారంటే ‘అనాసక్తి’ అని రాసిండ్రు. బడిల మమ్ముల ఎనక కూసోబెడ్తరని మా అమ్మ చెప్పింది. దానికి గడి లేదు. పా, పోదాం. రిపోర్టు ఇయ్యొద్దు. ఉన్నదున్నట్టు ఆమెకు చెప్పు.”

మేమిద్దరం, ఇంకో ఇద్దరు స్నేహితులు కలిసి ఆ ఆగస్టులో పోయాం. బ్యాడ్జీలు పెట్టుకోలేదు. బడీ ఆపా మిషన్ మీద కూచుని ఉంది. నేను నిలబడే మొత్తం చెప్పాను. ఎట్లా సర్దానో, ఏ వాక్యం రాశానో చెప్పాను. ఆమె మిషన్ ఆపి విన్నది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి బీరువా తీసి ఒక పొడుగాటి రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టింది.

అట్ట చిరిగిన లెక్కల పుస్తకం. లోపల ఉర్దూలో గీతలు కొట్టి రాసుకుంది. పిల్ల పేరు. తండ్రి పేరు. ఏ తరగతిలో మానింది. ఎందుకు. నాలుగేళ్ళుగా రాస్తోంది. మేం పది రోజుల్లో చెయ్యబోయి చెడగొట్టిన పని ఆమె బీరువాలో పూర్తయి ఉంది. మేం బల్లకు ఇవతల కూచుని సర్వే చేస్తున్నప్పుడు కూడా అది ఆ బీరువాలోనే ఉంది. ఆమెను మేం అడగలేదు. తాళం చెవీ కుర్చీలే అడిగాం.

“అప్పుడే ఎందుకు చూపించలేదు ఆపా?” అన్నాను.

“మీరు పెద్ద చదువుల పిల్లలు. మాకంటే బాగా రాస్తారనుకున్నా” అంది.

ఆ రోజునుంచి మేం చేసింది పెద్ద పనేమీ కాదు. రిజిస్టరులోని లెక్కను ఆమె చదువుతుంటే నా స్నేహితుడు తెలుగులో, ఇంగ్లీషులో దరఖాస్తు రాశాడు. ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాడు. విద్యాశాఖ ఆఫీసుకు మూడుసార్లు తిరిగాం. మేం ఒంటరిగా పోయినప్పుడు కూచోమన్నారు కానీ వినలేదు. ఆపా ఒంటరిగా పోయినప్పుడు వినలేదు, కూచోమనలేదు. రిజిస్టరుతో ఆమె, కాగితంతో మేము కలిసి పోయినప్పుడు విన్నారు. ఆరో తరగతి రాలేదు. ఒక లెక్కల టీచరు వారానికి రెండురోజులు డెప్యుటేషన్ మీద వచ్చాడు. ఇంతే గెలిచాం. ఎక్కువ చెప్పుకోను.

ఇంకొకటి కూడా జరిగింది. వారానికి రెండు సాయంత్రాలు సెంటర్‌లో బడి మానిన ఆడపిల్లలకు లెక్కలు చెప్పడానికి ఒప్పుకున్నాం. మొదటిరోజే చిక్కు వచ్చింది. పిల్లల దగ్గర ఉన్నది ఉర్దూ లెక్కల పుస్తకం. నాకు ఉర్దూ చదవడం రాదు.

నాకు రాదు. మా అబ్బాకు వచ్చు. నిజాం కాలంలో మా ఊరి బడి ఉర్దూలో ఉండేది. అబ్బా అందులో నాలుగో తరగతి దాకా చదివాడు. 1948 తర్వాత ఆ బడి తెలుగు అయింది. అది న్యాయమే. ఊరంతా మాట్లాడేది తెలుగే. దానిమీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఆ మార్పులో మాకోసం ఒక మూల కూడా మిగల్లేదు. అబ్బా దర్జీపని చేస్తూ, మిర్యాలగూడ పోయినవాళ్ళు తెచ్చిన పాత సియాసత్ పేపరును వారం రోజులు చదువుకునేవాడు. ఆ పేపరులో నాకు నల్ల చీమల బారులు తప్ప ఏమీ కనిపించేవి కావు. అబ్బా చదివే అక్షరం నాకు రాదు. నేను చదివే అక్షరం అబ్బాకు రాదు. ఒకే ఇంట్లో ఇద్దరం చదువుకున్నవాళ్ళం, ఇద్దరం నిరక్షరాస్యులం.

ఆ సంగతి చెబితే పిల్లలు మళ్ళీ నవ్వారు. కానీ ఒక పన్నెండేళ్ళ పిల్ల పలక తెచ్చి ‘అలిఫ్’ రాసి పెట్టింది. కార్‌చోబ్ మగ్గం ఉన్న ఇంట్లోని చిన్న కూతురే. నేను వాళ్ళకు భిన్నాలు చెప్పాలి, వాళ్ళు నాకు అలిఫ్, బే చెప్పాలి. ఒప్పందం అదీ. ఆర్నెల్లు అట్లాగే నడిచింది. నేను భిన్నం తప్పు చెప్పినప్పుడు వాళ్ళు ఊరుకునేవాళ్ళు కానీ, నేను ‘నూన్’కు చుక్క మరిచిపోతే మాత్రం వేళ్ళ మీద చిన్న దెబ్బ వేసేవాళ్ళు.

*

1996లో చదువు ముగిసి ఊరికి పోయేముందు వీడ్కోలు చెప్పడానికి సెంటర్‌కు పోయాను. ఆపా టీ పెట్టడానికి లోపలికి పోయింది. రిజిస్టరు బల్ల మీదే ఉంది. ఇప్పుడు నేను కూడబలుక్కుని చదవగలను. పేజీలు తిప్పుతూ ఒక్కొక్క పేరే చదువుతున్నాను. 1995 ఆగస్టు పేజీలో నా పేరు కనబడింది.

ఆమె నన్ను కూడా ఎక్కించింది. బడి మానిన పిల్లల వరసలో, అదే గీతల మధ్య. పేరు. తండ్రి పేరు. ‘ఉర్దూ చదవలేదు.’ చివరి గడి: ఎందుకు? అక్కడ ఆమె గుండ్రటి అక్షరాలతో రాసింది: ‘ఊళ్ళో బడి లేదు.’

అజ్ఞానం అని రాయలేదు. తెలుగోళ్ళలో కలిసిపోయిందని రాయలేదు. దీన్ మరిచిపోయిందని రాయలేదు. రోజాలో పులిహోర తింటూ ఆమె కళ్ళబడిన పిల్లని నేను. ఆమె గురించి ఆమె వాళ్ళ గురించి తప్పుడు వాక్యం రాసిన పిల్లని. నా మీద ఏమైనా రాయడానికి ఆమెకు హక్కుంది. అయినా మొదటివారంలో ‘మీ ఊళ్ళో ఉర్దూ బడి లేదా బేటీ?’ అని అడిగింది. లేదన్నాను. అదే రాసింది.

నేను వాళ్ళ పిల్లలకు చెయ్యని న్యాయం ఆమె నాకు చేసింది. ఆ పేజీ మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆపా టీ తెచ్చి, ఎందుకు ఏడుస్తున్నావని అడగలేదు. రిజిస్టరు తడుస్తుందని మాత్రం పక్కకు జరిపింది.

*

తర్వాత పదేళ్ళకు, 2006 నవంబరులో, జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ ముస్లింల స్థితిగతుల మీద నివేదిక ఇచ్చింది. 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో నాలుగోవంతు మంది అసలు బడికి పోనివాళ్ళో, మధ్యలో మానినవాళ్ళో అని తేల్చింది. బడి వయసు పిల్లల్లో మదర్సాలకు పోయేది మూడు శాతమేనంది. మామూలు చదువు మీద ముస్లిం తల్లిదండ్రులకు విముఖత ఏమీ లేదంది. ముస్లింలు ఉండే చోట్ల మంచి బడులు తక్కువనీ, అభద్రత మనుషుల్ని గిరిగీసి కూచోబెడుతోందనీ చెప్పింది. ఆ పేజీలు చదువుతుంటే నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. నేను చెరిపేసిన ‘ఇతరాలు’ గడే ఢిల్లీలో అచ్చయి వచ్చింది. బడీ ఆపా రిజిస్టరులో అది 1991నుంచీ ఉంది.

ఇప్పుడు నేనొక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మా రోజుల్లో సమాజసేవ అనేవాళ్ళం. ఇప్పుడు సోషల్ ఇంపాక్ట్ అంటున్నారు. 2014లో వచ్చిన ఉన్నత్ భారత్ అభియాన్ కింద విద్యాసంస్థలు గ్రామాల్ని దత్తత తీసుకుంటున్నాయి. సమాజంతో కలిసి పనిచెయ్యడం మీద యూజీసీ క్రెడిట్ల కోర్సే పెట్టించింది. మంచిదే. పిల్లలు క్లాసుగది దాటి బస్తీలకు పోవాలి. పోకపోతే నా అలిఫ్ నాకు దొరికేది కాదు, నా స్నేహితుడి వాడ సంగతీ నాకు తెలిసేది కాదు. నేను దీనికి వ్యతిరేకిని కాను.

కానీ ‘దత్తత’ అనే మాట వింటే మాత్రం ఒళ్ళు మండుతుంది. దత్తత ఎవరిని తీసుకుంటారు? కన్నవాళ్ళు లేని పిల్లల్ని. ఆ బస్తీకి తల్లులున్నారు. రాత్రంతా సూది పట్టుకుని మేలుకుని ఉన్న తల్లులున్నారు.

మా పిల్లలు ఇప్పుడు ఫోన్లలో ఫారాలు నింపుతారు. గళ్ళు అవే. వేలితో నొక్కితే చాలు. చివర ‘ఇతరాలు’ ఇప్పటికీ ఉంది. నేను వాళ్ళకు మూడు ప్రశ్నలు రాసిస్తాను. ఈ ప్రశ్న ఎవరు తయారుచేశారు? ఈ తేదీ ఎవరిని అడిగి పెట్టారు? ఈ జవాబు తిరిగి ఎవరి చేతికి పోతుంది? మూడింటిలోనూ బస్తీ లేకపోతే అది భాగస్వామ్యం కాదు. మీ మార్కుల కోసం వాళ్ళ నిద్ర చెడగొట్టడం.

మొన్న ఒక విద్యార్థిని వచ్చింది. ముస్లిం పిల్ల. మా రోజుల్లో నాలాగే జట్టులో ఒక్కతే. “మేడం, రేపు బస్తీకి పోతున్నాం. నన్ను ముందు నడవమంటున్నారు” అంది. ఆ గొంతు నాకు తెలుసు.

“నడువు” అన్నాను. “మీవాళ్ళని నడవకు, తెలిసినట్టు నడవకు. నాకూ కొత్తే అని మీ జట్టుతో ముందే చెప్పు. గుమ్మం ముందు ఆగి, వాళ్ళ దగ్గర రాసిపెట్టుకున్నది ఏమైనా ఉందా అని అడుగు. ఉంటే అది చదివిన తర్వాతే నీ ఫారం తియ్యి.”

“లేకపోతే మేడం?”

“అడుగు. చెప్పింది చెప్పినట్టు రాయి. గడిలో పట్టకపోతే ఇంకో కాగితం తీసుకో.”